సంగటికి పీట వేయరా?

దూరదేశము పోయి వచ్చినవానిని మనవారు మొదట అడుగు ప్రశ్న "ఏమి చూచితివి?" అని కాదు, "ఏమి తింటివి?" అని. గోపురమును మరచినవాడు కూడ ఆ గోపురవీధిలోని పూటకూటింట విస్తరిలో పడిన పప్పును మరువడు. కొండ యెక్కిన ఆయాసము రెండు దినములలో తీరిపోవును. కొండ దిగి త్రాగిన చల్లని మజ్జిగ జీవితాంతము జ్ఞాపకముండును. కావున ఒక ప్రాంతమునకు వచ్చి పోయిన బాటసారి "అచ్చట తినుటకేమియు లేదు" అన్నచో అది చిన్నమాట కాదు. అది ఆ ప్రాంతము మీద చెప్పబడిన తీర్పు.

మా పావగడ తాలూకాను గురించి ఆ తీర్పు నేడు తరచుగా వినబడుచున్నది. "చూచుటకు కోట యున్నది, మ్రొక్కుటకు శనిమహాత్ముడున్నాడు, తినుటకు మాత్ర మేమియు లేదు" అని వచ్చినవారు చెప్పుకొని పోవుచున్నారు. ఇది అబద్ధము. అయితే ఈ అబద్ధమును వారికి నేర్పినవారము మనమే. నా వ్యాసమంతయు ఈ రెండు వాక్యములకు వ్యాఖ్యానము.

పాఠకులలో పావగడ నెరుగనివారుందురు గనుక నాలుగు మాటలు చెప్పవలెను. పేరుకు ఇది కర్ణాటకమందలి తుమకూరు జిల్లాలోనిది. చుట్టును చూచినచో హెచ్చుభాగము ఆంధ్రదేశమే. తుమకూరునుండి కొరటగెరె, మధుగిరి మీదుగా బయలుదేరిన బస్సు మడకశిర ప్రాంతమున ఆంధ్రప్రదేశములో ప్రవేశించి, మరల కర్ణాటకములోనికి వచ్చి పావగడ చేరును. తన జిల్లా కేంద్రమునకు పోవుటకు పరరాష్ట్రమును దాటవలసిన తాలూకా ఇది. మైసూరు మహారాజుల యేలుబడిలో నుండి, 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడును మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. నాగలమడికె వద్ద ఉత్తరపినాకిని, అనగా మన పెన్న, సుబ్రహ్మణ్యుని గుడి ప్రక్కగా సాగిపోవును. వై.యన్. హొసకోటలో మగ్గములు పట్టుచీరలు నేయుచున్నవి. వాన తక్కువ. ఎఱ్ఱనేల. ఆ నేల కరుణించి యిచ్చునవి వేరుసెనగ, రాగి, కంది, ఉలవ, అనప. ఈ పంటలనుండి పుట్టినదే ఈ సీమ భోజనము: వేడి రాగిసంగటి, వేరుసెనగ ఊరిబిండి, అనపగింజల పులుసు, చలికాలమున పితికినపప్పు, ఉలవచారు, ఆకుకూర పప్పు, చివరకు ఉప్పువేసిన మజ్జిగ. ఆకలిగొన్న మనుష్యునికి ఇంతకంటె ఏమి కావలెనో నా కర్థము కాదు.

ఇప్పుడు ఏదైన నొక శనివారమునాడు పావగడలో బస్సు దిగుడు. ఆ దినమున రెండు రాష్ట్రముల భక్తులును శనిమహాత్ముని దర్శనమునకు వత్తురు. దర్శనమైన పిమ్మట ఆకలి. ఎదుట నున్న హోటళ్ళ పలకలు చదువుడు. ఇడ్లీ, దోసె, పూరీ మనకు చిరపరిచితములు, వానితో నాకు వైరము లేదు. అటుపిమ్మట గోబీ మంచూరి, నూడుల్సు, ఫ్రైడ్ రైసు, పనీరు మసాలా. మధ్యాహ్నమునకు తెల్లని అన్నముతో సాంబారు భోజనము. సంగటి యను మాట ఆ పెద్ద పలకలలో నాకు కనబడలేదు. ముద్ద పెట్టు చిన్న మెస్సులు, మిలిటరీ హోటళ్ళు లేకపోలేదు. అవి ఎరిగినవాడు వెదకికొని పోవలసిన చోట్లు. క్రొత్తగా బస్సు దిగినవానికి వాని జాడ చెప్పువారు లేరు. చెప్పవలసినవారమైన మనమే "అయ్యా, అది మీకు సరిపడదు" అని వానిని వేరొక దారిని పట్టించుచున్నాము.

ఒక పుష్యమాసపు శనివారమున నాకు జరిగినదే చెప్పెదను. గోదావరి తీరమునుండి వచ్చిన మిత్రుడొకడు నా వెంట నుండెను. భోజనప్రియుడు. వచ్చుట మొదలు "మీ సీమ సంగటి తినిపించు" అని పట్టుపట్టెను. దర్శనము ముగించి బాగుగనున్న హోటలొకటి చూచుకొని కూర్చుంటిమి. సర్వరు కుఱ్ఱవాడు వచ్చి పది పదార్థముల పేర్లు ఊపిరి తీయక చెప్పెను. "సంగటి కలదా నాయనా?" అంటిని. వాడు నవ్వి, "ముద్ద ఈడ దొరకదు సామీ. చైనీసుంది, నార్తిండియన్ ఉంది, మీల్సుంది" అనెను. నా మిత్రుడు నా ముఖము చూచెను. నేను బల్ల వైపు చూచితిని.

చేతులు కడుగుకొనుటకు వెనుకకు పోగా అచ్చట నొక దృశ్యము కంటబడినది. వంటయింటి వెలుపల చెట్టునీడలో ఆ హోటలు పనివారు ఐదారుగురు వరుసగా కూర్చుండి భుజించుచున్నారు. ప్రతివాని పళ్ళెములోను ఆవిరిగ్రక్కుచున్న సంగటి ముద్ద, అనపగింజల పులుసు, ప్రక్కన ఊరిబిండి, పచ్చి ఉల్లిగడ్డ. ముందర దొరకదన్నది వెనుక దొరకుచున్నది! వడ్డించుచున్న ముసలమ్మతో "అవ్వా, మాకును చెరియొక ముద్ద పెట్టుదువా?" అంటిని. ఆమె కంగారుపడి, "ఇది పనోళ్ళ కూడు సామీ, మీకు పెట్టేది కాదు" అనెను. నా మిత్రుడు అప్పటికే చెట్టుక్రింద చతికిలబడియుండెను. ముద్దను త్రుంచి, బొటనవ్రేలితో గుంట చేసి, పులుసులో ముంచి, నమలక మ్రింగవలెనని వానికి ప్రక్కవాడు నేర్పెను. మొదటి కబళమును నమలి పండ్లకు అంటించుకొని అందరిని నవ్వించెను. రెండవదానితో దారిలో పడెను. మూడవ కబళము తరువాత మాట లేదు. లేచునప్పుడు మేము డబ్బు ఇవ్వబోగా అవ్వ చేయి వెనుకకు తీసికొని, "దీనికి రేటు కట్టలేదు సామీ" అనెను.

నా మిత్రుడు పెక్కు నగరములలో పెక్కు హోటళ్ళ భోజనము చేసినవాడు. నేటికిని ఉత్తరము వ్రాసినప్పుడెల్ల ఆ చెట్టునీడ భోజనమునే తలచును. అవ్వ మాట మాత్రము నన్ను విడువలేదు. ఆమె దయతో ననిన మాట. అయినను అందులో మన నేర మంతయు నున్నది. దీనికి రేటు కట్టలేదు! మంచూరికి కట్టిరి, నూడుల్సుకు కట్టిరి, సీసానీటికి కట్టిరి. ఈ నేల పండించిన అన్నమునకు మాత్రము వెల కట్టలేదు. వెల కట్టనిదానికి విలువ లేదని లోక మనుకొనుటలో తప్పేమున్నది?

ఈ చిన్నచూపు నేటిది కాదు. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటుపద్యమొకటి మనలో చాలమందికి కంఠస్థము. కర్ణాటరాజ్యమున కేగిన ఆ మహాకవి, అచ్చటి వేషము వేసికొని, అచ్చటి వంటలు తిని, చల్ల కలిపిన అంబలి త్రాగి, ఇన్ని పాట్లు పడితిని గదా, ఇకనైన దయచూపుమని కన్నడ రాజ్యలక్ష్మిని వేడుకొన్నట్లు అందులో నున్నది. జొన్నకూటిని గూర్చియు ఆయన పేర నిట్టి మొరలే వాడుకలో నున్నవి. పద్యము చక్కనిదే. కాని ప్రౌఢదేవరాయల యాస్థానమున కనకాభిషేకము పొందినవాని దుఃఖముల పట్టికలో అంబలి యొకటిగా చేరినదన్న సంగతి గమనింపుడు. ఆ పద్యమునకు మనము ఆరువందల యేండ్లుగా చప్పట్లు చరచుచున్నాము. అది తెలుగులో పుట్టిన తొలి ప్రయాణభోజన విమర్శలలో నొకటి, అది మన అంబలి మీదనే పడినది.

పూటకూళ్ళ చరిత్రయు ఈ మాటనే చెప్పును. క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటింట రూకకు దొరకు భోజనము వర్ణింపబడినది. కప్పురభోగి అన్నము, గోధుమ పిండివంటలు, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు. నోరూరించు పట్టిక, సందేహము లేదు. వెల చెల్లించి తిను భోజనమనగా సన్నబియ్యపు భోజనమేయని నాడే స్థిరపడినట్లున్నది. కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మ యుగము వచ్చినను, ఆ తరువాత ఉడుపి హోటళ్ళ యుగము వచ్చినను, నేటి బెంగళూరులో ఆంధ్రభోజనశాలలు వెలసినను ఈ మర్యాద మారలేదు. అరటియాకు, తెల్లని అన్నము, పప్పు, పొడి, నేయి, గోంగూర. ఇదియే ఆంధ్రభోజనమని లోకము నమ్మినది. మెట్టసీమ తెలుగువాని కూడు ఆ యాకు మీదికి రాలేదు.

ఇట్టి చిన్నచూపునకు సమాధానము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. మా బడులలో చదువు కన్నడమునందే యున్నది. పదునారవ శతాబ్దివాడైన కనకదాసు రామధాన్యచరిత్రె యను కావ్యము వ్రాసెను. లంకనుండి మరలి వచ్చుచు రాముడు ఋష్యాశ్రమమున విడిసినప్పుడు, ధాన్యములలో నేది శ్రేష్ఠమను వాదము పుట్టెను. వరి తన కులగౌరవమును చెప్పుకొని రాగిని దూషించెను. రాముడు రెంటిని ఆరునెలలు చెరలో నుంచెను. గడువు తీరి తెరచి చూడగా వరి చెడిపోయినది, రాగి చెక్కుచెదరక నిలిచినది. రాఘవుడు తన పేరే దానికి ప్రసాదించెనని కవి చెప్పును. ప్రయాణములోనున్న రాజు, ఆతిథ్య మిచ్చిన ఇంట చెప్పిన తీర్పు ఇది! వచ్చిన యతిథికి రాగి తగదని మనము భయపడుచుండగా, అతిథిగా వచ్చినవాడే దానికి పట్టము కట్టెనని కనకదాసు పాడెను. తెలుగుకవి పేర నింద, కన్నడకవి నోట తీర్పు. రెండు భాషలును వచ్చిన పావగడవారు నిందను కంఠస్థము చేసి తీర్పును మరచిరి.

కన్నడసోదరులు ఆ గౌరవమును కావ్యముతో విడిచిపెట్టలేదు. మండ్య పరిశోధన క్షేత్రమున లక్ష్మణయ్యగారను శాస్త్రజ్ఞుడు భారతదేశపు రాగిని, ఆఫ్రికా రాగిని సంకరపరచి 'ఇండాఫ్' రకములను సృష్టించి, దిగుబడిని పెంచి, రైతుల హృదయములలో నిలిచెను. బెంగళూరులో మిలిటరీ హోటళ్ళు ముద్దను సగర్వముగా వడ్డించుచున్నవి. అచ్చట ముద్ద కొరకు కారులు వరుసకట్టుచున్నవి. ముద్ద పుట్టిన యూరిలో దానిని చెట్టుక్రింద దాచుచున్నాము.

దాచుట కేల? నిజము చెప్పుకొందము. సంగటి కూలివాని కూడు, కాపువాని కూడు, వరి దొర కూడు అను భేదము మన రక్తములో నున్నది. మెట్టయూళ్ళలో పండుగనాడు, పెండ్లినాడు మాత్రమే వరియన్నము వండెడి రోజులను మన తాతలు చూచిరి. కనుక వరి గౌరవచిహ్న మయ్యెను. ఆంధ్రప్రదేశమున 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చినది. కర్ణాటకమున 2013లో అన్నభాగ్య పథకము వచ్చినది. పేదవాని కడుపు నిండినది. ఆ పథకములను నిందించువాడు ఆకలి నెరుగనివాడు. అయితే బియ్యము దినభోజనమైన పిమ్మట సంగటి కొరతకు గురుతుగా మిగిలినది. ఇంటికి చుట్టము వచ్చినచో సంగటి కుండను మూలకు జరిపి అన్నపుగిన్నె పొయ్యిమీద పెట్టుట మన మర్యాద యైనది. హోటలువాడు వేరొకచోటినుండి ఊడిపడలేదు. మన యింటి మర్యాదనే వాడు తన పలక మీద వ్రాసికొన్నాడు.

హోటలు యజమానులను కదలించినచో మూడు సాకులు చెప్పుదురు. మొదటిది, "ఎవరును అడుగరు." లేనిదానిని అడుగువారెవరు? పలక మీద లేని పదార్థమును అడిగి నవ్వులపాలగుటకు బాటసారి సిద్ధపడునా? నేనడిగి ఎట్టి నవ్వు పొందితినో పైన చెప్పితిని.

రెండవది, "ఖర్చు." 2025-26 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలు రాగికి 4,886 రూపాయలు. కిలో నలువదితొమ్మిది రూపాయలకు లోపు. పెద్ద ముద్దకు నూటయేబది గ్రాముల పిండి పట్టునని లెక్కింతము. అది ఏడున్నర రూపాయల గింజ. విసరుట, కట్టెలు, కూలి, లాభము ఎంత చేర్చినను ఇది హోటలును ముంచు పదార్థము కాదు.

మూడవది, "కష్టము." ఈ సాకులో మాత్రము నిజమున్నది, దానిని గౌరవింతును. సంగటి చేయుట యొక విద్య. రాయలసీమ పద్ధతిలో బియ్యము గాని నూకలు గాని మెత్తగా ఉడికించి, అందులో రాగిపిండి కుప్పగా పోసి, కదలింపక మగ్గనిచ్చి, ఆపై తెడ్డుతో ఉండలు కట్టకుండ కెలకవలెను. మైసూరు పద్ధతిలో నూకలుండవు, నీరును పిండియు మాత్రమే. మా తాలూకాలో ఈ యింట నొకటి, ఆ యింట నొకటి. ఏ పద్ధతియైనను భుజబలము కావలెను, ఓర్పు కావలెను, తడిచేతితో వేడిముద్దను చుట్టు నేర్పు కావలెను. చల్లారినచో బిగిసి రుచి చెడును గనుక సమయమునకు వడ్డింపవలెను. ఇంత విద్య తెలిసిన అవ్వకు ఆ హోటలులో నున్న పేరు పనిమనిషి. నూడుల్సు వేయించువానికి వంటమాస్టరను బిరుదు. సంగటి పలక మీదికి వచ్చిననాడు ఆ అవ్వయు మాస్టరగును. నా వాదమునకు ప్రాణము ఇచ్చటనే యున్నది. ఒక భోజనమును గౌరవించుటయనగా దానిని వండు చేతులను గౌరవించుట, దాని గింజను పండించు రైతును గౌరవించుట.

ఇక పానీయముల మాట. నగరములకు పోయి వచ్చిన మన యువకులు అచ్చట త్రాగిన కాక్టెయిళ్ళను వర్ణించుచుండగా వినుచుందును. చింతపండు రసము, కరివేపాకు, బెల్లము, మిరియము చేర్చి, పొడవైన గాజుపాత్రలో మంచుగడ్డ వేసి యిచ్చిరని, అద్భుతమని చెప్పుదురు. నేను మద్యమును గూర్చి ధర్మపన్నములు చెప్పబోను. పలు రసముల మేళవింపే కాక్టెయిలైనచో ఆ విద్య మనకు క్రొత్తదా యని మాత్రము అడుగుదును. శ్రీరామనవమినాటి పానకములో బెల్లము, మిరియము, శొంఠి, ఏలకులు లేవా? ఉగాది పచ్చడిలో ఆరు రుచులను ఒక్క గ్రుక్కలో కలిపినవారము మనము కామా? సరిహద్దు దాటి రాయలసీమ పట్టణములకు పోయినచో ఎండకాలమున నన్నారి షరబతు దొరకును. సుగంధిపాల వేరు కాచిన పాకము, నిమ్మరసము, సబ్జాగింజలు, సోడా. ఇంతకు మించిన మిశ్రమపానీయమును ఏ బారు కలుపును? ఇక అంబలి. రాగిపిండి కాచి, రాత్రి పులియబెట్టి, ఉదయమున చల్లతో పలుచన చేసి, ఉల్లిగడ్డ కొరుకుచు త్రాగినచో మధ్యాహ్నము వరకు ఆకలి దప్పులు దరిచేరవు. శ్రీనాథుని పేర నిందపడిన పానీయ మిదియే. పావగడ బస్సు నిలయము ముంగిట చల్లని అంబలి చెంబునకు వెల కట్టి యమ్మినచో బాటసారి రంగునీళ్ళ సీసా కొనునా?

పానీయమని యన్నప్పుడు నీటిమాట దాచరాదు. మా తాలూకా బోరునీటిలో ఫ్లోరైడు పీడ కలదు. భారత ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు వాంఛనీయము, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాము వరకు అనుమతము. ఆ హద్దు మీరిన నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసిపోవును. శుద్ధియైన నీరే దీనికి నిజమైన పరిష్కారము, దానికి బదులు మరేదియు లేదు. అయితే ఇట్టి సీమలలో కాల్షియము గల ఆహారము విరివిగా తినుమని వైద్యులు చెప్పుచుందురు. నూరుగ్రాముల రాగిలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అదే తూకపు తెల్లబియ్యములో పది మిల్లీగ్రాముల పాటి మాత్రమే. ఏ సీమకు ఏ గింజ కావలెనో ఆ సీమవారు శాస్త్రము పుట్టకమునుపే ఎరిగియుండిరి. మనము శాస్త్రము చదివి మరచితిమి.

మరియొక భయము కలదు. తిరుమణి మొదలగు ఐదు గ్రామముల పరిధిలో 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్తు క్షేత్రము వెలసి, 2019 నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యమును అందుకొన్నది. రైతులు భూమిని అమ్ముకొనక, మొదట ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చిరి. కరవుతో పోరాడి యలసినవారు నిశ్చితమైన ఆదాయమును కోరుట వివేకమే, నేను వారిని తప్పుపట్టను. కాని అద్దములు పరచిన చేనిలో రాగి మొలవదు, వేరుసెనగ ఊడ దిగదు. ఆ క్షేత్రమును చూచుటకు, అందు పనిచేయుటకు దేశము నలుమూలలనుండి మనుష్యులు వచ్చుచున్నారు. వారికి మనము పెట్టునది వారి యూరిలో దొరకు రొట్టెయు పనీరుమే. ఇట్లు పొలమునుండి తొలగుచున్న గింజ హోటలు పలక మీదను లేకున్నచో, చుట్టపుపంక్తిలోను లేకున్నచో, ఇక మిగులునది పనివారి చెట్టునీడ యొక్కటే. ఆ అవ్వ తరము గడచినచో ఆ నీడయు నుండదు.

ఒక యాక్షేపణము వచ్చునని యెరుగుదును. "పరాయి వంటలను నిషేధింపుమనుచున్నావా?" అని. ముమ్మాటికిని కాదు. మన ఊరిబిండిలోని వేరుసెనగయు, అందులోని మిరపకాయయు అమెరికా ఖండమునుండి వచ్చి మనవైనవి. రాగియు వేల యేండ్ల క్రిందట ఆఫ్రికానుండి వచ్చిన యతిథియే. వచ్చినదానిని కాదనుట మన ధర్మము కాదు. నూడుల్సునకును చోటిండు. నా తగవు ఒక్కటే: వచ్చినవారికి పీట వేసి, ఇంటివానిని గడప వెలుపల నిలుపుట యేమి న్యాయము? భారతదేశము కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఢిల్లీలో జి-20 దేశాధినేతల విందులో చిరుధాన్యములు వడ్డింపబడినవి. అధినేతల పంక్తికి తగిన గింజ శనివారపు భక్తునికి తగదట!

కడపట, ఈ సంచికను వెలువరించుచున్న మన సంఘమువారికే నా మాట. బయటివారిని తిట్టి కూర్చుండుట సులభము. ఏటేట ఉగాదికి మనము సభ చేయుదుము, భాషను కాపాడవలెనని ఉపన్యసింతుము, అటుపిమ్మట విందునకు కూర్చుందుము. ఇన్నేండ్ల విందులలో నొక్కసారియైన సంగటి వడ్డింపబడినదా? పులిహోర, బూరె, పెరుగువడ, ఈమధ్య వెజిటబుల్ పలావు. వంటవారు నగరమునుండి వత్తురు. వేదికమీద మాతృభాషను గూర్చి కంటతడి, పంక్తిలో మాతృభోజనమునకు చోటులేదు. భాషను ఇంటిలోపలనే యుంచి బజారులో సిగ్గుపడువానిని మనము నిందింతుము గదా! సంగటి విషయమున మనము చేయుచున్నది అదియే.

కావున ఈ యుగాదికి ఈ చిన్నపని చేయుడు. నగరపు వంటవారితోపాటు మన యూళ్ళనుండి నలుగురు అవ్వలను పిలువుడు. వారికి మాస్టరుల కిచ్చు కూలియే యిండు. పంక్తిలో మొదటి వడ్డన సంగటిదిగా, మొదటి పానీయము అంబలిగా నుండనిండు. తినలేనివారు నవ్వుకొందురు గాక, రెండవ కబళముతో దారిలో పడుదురు. మరునాడు ఆ విందు తిన్న హోటలు యజమాని తన పలక మీద నొక క్రొత్త మాటను సుద్దముక్కతో వ్రాయును. దాని ప్రక్క వెలయు వ్రాయును. ఆ వెల యెంతయైనను సరే, నేను మొదటివాడనై చెల్లించి, మొదటి ముద్ద చెట్టునీడ నున్న అవ్వకు పీటవేసి పెట్టించెదను.